ప్రాగ్‌లో దంపతుల వారాంతం: ఏ రోజు ఏది చూడాలి

జర్మనీలోనో, ఆస్ట్రియాలోనో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు దంపతులు శుక్రవారం సాయంత్రం రైలెక్కి, రెండు రోజులు తీరిగ్గా గడిపి, ఆదివారం రాత్రికి ఇల్లు చేరడానికి వీలైన నగరాల్లో నా దృష్టిలో చెక్ రాజధాని ప్రాగ్‌ది మొదటి స్థానం. అయితే అక్కడ శనివారం తలుపులు మూసేవి కొన్ని, ఆదివారం ఉదయం సందర్శకులను అనుమతించనివి కొన్ని ఉన్నాయి. అందువల్ల చూడవలసిన వాటి జాబితా రాసుకునే ముందు, ఏది ఏ రోజు చూడాలో నిర్ణయించుకోవడం అవసరం. ఇద్దరూ కూర్చుని చెరొక కోరికను ముందే చెప్పుకుని, ఆ రెండింటికీ చోటు కేటాయించిన తర్వాతే మిగతావి చేర్చుకోవడం మంచిది.

బెర్లిన్ నుంచి రైలు ప్రయాణం నాలుగు గంటలకు కొంచెం పైన, వియన్నా నుంచి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. డ్రెస్డెన్ మీదుగా వెళ్లేవారు ప్రాగ్ దిశలో ఎడమవైపు సీట్లు తీసుకుంటే, వెలుతురు ఉన్నంతసేపూ ఎల్బే నది, దాని ఒడ్డున ఇసుకరాతి కొండలు కనిపిస్తూనే ఉంటాయి. జర్మనీ నివాస అనుమతి ఉన్నవారికి చెక్ దేశానికి వేరే వీసా అక్కరలేదు. కానీ తిరుగు ప్రయాణంలో జర్మన్ పోలీసులు సరిహద్దు దగ్గర తనిఖీ చేసే అవకాశం ఉంది కాబట్టి పాస్‌పోర్టులు, నివాస కార్డులు ఇద్దరివీ చేతి సంచిలోనే ఉండాలి.

బసకు పాత పట్టణం నడిబొడ్డు కన్నా వినోహ్రాడీ ప్రాంతం మేలు. రాత్రిపూట నిశ్శబ్దంగా ఉంటుంది, ఎ లైన్ మెట్రోలో కొద్ది నిమిషాల్లోనే పాత పట్టణానికి చేరుకోవచ్చు. మెట్రోకు, ట్రామ్‌కు ఒకటే టికెట్. కాగితం టికెట్ కొన్నవారు తొలి ప్రయాణంలో దానిపై యంత్రంతో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ చేతిలో ఉన్నా జరిమానా తప్పదు.

ఇక్కడ చెల్లుబాటయ్యేది యూరో కాదు, కొరునా. దాదాపు అన్నిచోట్లా కార్డు తీసుకుంటారు. ఏటీఎం యంత్రం మొత్తాన్ని యూరోల్లోకి మార్చి వసూలు చేయమంటారా అని అడిగితే వద్దని చెప్పి, కొరునాల్లోనే చెల్లింపును ఎంచుకోవాలి. నగదు మార్పిడి దుకాణంలో మోసపోయామనిపిస్తే, వెయ్యి యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోపు రద్దు చేసుకునే హక్కును 2019 నుంచి అక్కడి చట్టం కల్పించింది. రసీదు మాత్రం పారేయకూడదు.

శనివారం ఉదయాన్ని కోటకు కేటాయించండి. కోటలోని సెయింట్ వీటస్ కెథెడ్రల్‌లో ఆదివారం ఉదయం ప్రార్థనలు జరుగుతాయి, సందర్శకులను మధ్యాహ్నం నుంచే అనుమతిస్తారు. 1344లో మొదలైన ఈ నిర్మాణం 1929లో గాని పూర్తి కాలేదు. ఒకే కప్పు కింద మధ్యయుగపు రాతిపనినీ ఇరవయ్యో శతాబ్దపు రంగుటద్దాల కిటికీలనూ చూడగలగడానికి కారణం ఇదే. చాలామంది కింద నుంచి మెట్లెక్కి కోటకు వెళ్లి అలసిపోతారు. దానికి బదులు 22వ నంబరు ట్రామ్‌లో పోహోర్జెలెట్స్ స్టాపు దాకా వెళ్లి, స్ట్రాహొవ్ మఠంలోని పాత గ్రంథాలయాన్ని చూసి, అక్కడి నుంచి కోట మీదుగా దిగువకు నడిస్తే దారంతా పల్లమే. మలా స్ట్రానా వీధుల్లోకి దిగాక, వేసవి నెలలైతే వాల్డ్‌స్టెయిన్ ఉద్యానంలో కొంతసేపు కూర్చోండి. నెమళ్లు స్వేచ్ఛగా తిరిగే ఆ తోటకు ప్రవేశ రుసుము లేదు.

భోజనం విషయంలో ముందే తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మాంసపు పులుసు గులాష్ చాలావరకు గొడ్డుమాంసంతోనే చేస్తారు, క్రీము సాస్‌తో వడ్డించే స్విచ్కొవా కూడా అంతే. తిననివారు అడిగి తీసుకోవాలి. శాకాహారులకు వేయించిన చీజ్ అయిన స్మజెనీ సీర్, బంగాళాదుంపల అట్టు బ్రంబొరాక్, పళ్లు పెట్టి ఉడికించిన తియ్యని పిండి ఉండలు క్నెడ్లీకీ దొరుకుతాయి. ‘బెజ్ మసా’ అంటే మాంసం లేకుండా అని అర్థం. ఆ రెండు మాటలు చాలా పనికొస్తాయి. వీధుల్లో కాల్చి అమ్మే చుట్ట రొట్టె త్రదెల్నీక్ ప్రాగ్ ప్రాచీన వంటకమని చెబుతారు గానీ, అది పర్యాటకుల కోసం ఇటీవల వచ్చినదే.

శనివారం సాయంత్రానికి ఎస్టేట్స్ థియేటర్‌లో ఒక సంగీతరూపకం (ఒపెరా) చూడాలని నా గట్టి సలహా. 1787 అక్టోబరు 29న మోట్సార్ట్ తన ‘డాన్ జొవాన్ని’ తొలి ప్రదర్శనను స్వయంగా నిర్వహించింది ఈ రంగస్థలం మీదే. పాశ్చాత్య సంగీతం పరిచయం లేనివారికి కూడా ఆ చిన్న రంగశాలలో గొంతులు ఎంత దగ్గరగా వినిపిస్తాయో అనుభవంలోకి వస్తుంది. టికెట్లను ఈ రంగశాలను నడిపే నేషనల్ థియేటర్ సొంత వెబ్‌సైట్‌లో వారాల ముందే కొనుక్కోండి. పాతకాలపు వేషాలు వేసుకుని వీధుల్లో కచేరీ టికెట్లు అమ్మేవారి దగ్గర తొందరపడవద్దు.

ఆదివారం తెల్లవారుజామునే లేవగలిగితే చార్ల్స్ వంతెన దాదాపు మీ ఇద్దరిదే అవుతుంది. 1357లో నాలుగో చార్ల్స్ చక్రవర్తి కట్టించడం మొదలుపెట్టిన ఈ 516 మీటర్ల వంతెన మీద, 30 విగ్రహాల నడుమ, తొమ్మిది దాటితే నిలబడి మాట్లాడుకోవడానికి కూడా చోటు దొరకదు. అక్కడి నుంచి పాత యూదుల పేట యోసెఫొవ్‌కు నడిచి వెళ్లవచ్చు. అక్కడి ప్రార్థనాలయాలు, మ్యూజియం శనివారం మూసి ఉంటాయి కాబట్టే దాన్ని ఆదివారానికి ఉంచుకున్నాం. పింకాస్ ప్రార్థనాలయం గోడల నిండా, నాజీల చేతిలో చనిపోయిన బొహీమియా, మొరావియా యూదుల పేర్లు, దాదాపు 78 వేలు, చేత్తో రాసి ఉన్నాయి. అక్కడ ఫొటోల ధ్యాస మాని, నెమ్మదిగా, మౌనంగా చదువుతూ నడవండి. తర్వాత వచ్చే శ్మశానంలో శతాబ్దాల సమాధిరాళ్లు ఒకదానినొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉంటాయి. ఈ రెండు చోట్లకూ కనీసం రెండు గంటలు ఇవ్వాలి, వెంటనే మరో మ్యూజియం పెట్టుకోకూడదు.

రైలు సాయంత్రానికైతే మధ్యాహ్నం విషెహ్రాడ్‌కు వెళ్లండి. వ్లటావా నది మీద కొండకొమ్మున ఉన్న ఈ పాత దుర్గానికి జనం తక్కువగా వస్తారు. స్వరకర్తలు ద్వొర్జాక్, స్మెతనా సమాధులు ఇక్కడే ఉన్నాయి. సి లైన్ మెట్రోలో ఇక్కడి నుంచి ప్రధాన రైల్వే స్టేషన్ మూడో స్టాపే. అందువల్ల ఉదయం గది ఖాళీ చేసినప్పుడే సామాను స్టేషన్ లాకర్లలో పెట్టి వస్తే, మళ్లీ హోటల్‌కు వెళ్లే పని లేకుండా నేరుగా రైలు దగ్గరికి చేరుకోవచ్చు.