గీజరుది కాదు తప్పు
కోరాపుట్ చలి గురించి అక్కడ ఉన్నవారికి చెప్పనవసరం లేదు. సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉన్న ఊరు. పోయిన డిసెంబరులో మా గ్యాస్ గీజరు రెండు చెంబులు కాగే నీళ్లు, మూడోది మంచులాంటి నీళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. సబ్బు పెట్టుకున్నాకే చల్లబడేది, పగబట్టినట్టు!

బ్యాటరీలు మార్చాను. సిలిండరూ మార్చాను. అనవసరపు ఖర్చు. చివరికి కుళాయి తిప్పుతూ మంటను గమనించాను. ధార సన్నబడగానే నీళ్లు మరీ వేడెక్కాయి, ఇంకాస్త తగ్గగానే మంట ఆరింది. ఈ గీజర్లలో నీటి ఒత్తిడికి రబ్బరు పొర కదిలితేనే గ్యాసు దారి తెరుచుకుంటుంది. అంటే లోపం నీటిలోనే.

గ్యాసు, నీళ్లు కట్టేసి, నీళ్లు లోపలికి వచ్చే గొట్టం విప్పాను. అందులోని చిన్న జల్లెడ నిండా ట్యాంకులోని ఎర్రమట్టి, మెత్తగా, గోరింటాకు ముద్దలా. పాత పళ్ల బ్రష్షుతో తోమాను. షవరు రంధ్రాల్లో తెల్లగా పేరుకున్న సున్నానికి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టడమే మందు.

మర్నాడు మా అత్తయ్య స్నానం ముగించి, "ఇవాళ నీళ్లు నిలకడగా వచ్చాయి బాబూ" అన్నారు. ట్యాంకు కూడా కడిగించాను. గీజరు మాత్రం స్నానాలగది బయటి గోడకే ఉంది. లోపల పెడితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.