దృశ్యం పెద్దది, జంతువు చిన్నది: ఫొటో ఎక్కడ చెడుతోంది?

ఫొటోలో జంతువు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది

విశాలమైన దృశ్యంలో జంతువును చిన్నగా చూపించే ఫొటోల్లో ఎక్కువమందిని విసిగించే సమస్య ఇదే. చిన్నగా ఉంది కాబట్టే కనిపించట్లేదనుకుని వెంటనే జూమ్ చేస్తారు. కానీ చాలాసార్లు తప్పు సైజుది కాదు, వెనకున్న రంగుది. ఎండుగడ్డి ముందు నిలబడ్డ జింక ఫ్రేములో పావువంతు ఉన్నా గడ్డిలో కలిసిపోతుంది. అదే జింక మెరిసే నీళ్ల ముందుకొస్తే, చుక్కంత ఉన్నా చూపు నేరుగా దాని మీదికే పోతుంది.

అందుకని ముందు జూమ్ రింగు వదిలేసి జంతువు వెనక ఏముందో చూడండి. నీడలో ఉన్న కొండవాలు, పొగమంచు, ఇసుక, ఆకాశం... దాని ఒంటి రంగుకు విరుద్ధంగా ఉన్న చోటు ఏదో ఒకటి దగ్గర్లోనే ఉంటుంది. మీరు పది అడుగులు పక్కకు జరిగితే సరిపోవచ్చు, లేదంటే అది అక్కడికి వచ్చేదాకా ఆగాలి. కింద కూర్చుంటే జంతువు వెనకకు ఆకాశం వస్తుంది, ఎత్తు నుంచి తీస్తే నేల వస్తుంది. నేలా ఆకాశమూ కలిసే గీత మాత్రం దాని మెడ దగ్గర పడకుండా చూసుకోండి. సూర్యుడు జంతువు వెనకవైపు ఉంటే ఒంటి అంచు వెంట సన్నటి వెలుగు గీత పడుతుంది. నన్నడిగితే ఈ తరహా ఫొటోలకు అంతకన్నా మంచి వెలుగు లేదు.

ఆకారం కూడా ముఖ్యమే. ఇంత చిన్న సైజులో కళ్లూ ముఖకవళికలూ ఎవరికీ కనిపించవు. మనవైపు తిరిగి నిలబడ్డ ఏనుగు దూరానికి బండరాయిలాగే ఉంటుంది. అది పక్కకు తిరిగి, తొండం ఒంటి నుంచి విడిపడి, కాళ్ల మధ్య సందు కనిపించినప్పుడు నొక్కండి. అనుమానంగా ఉంటే కెమెరా తెరను కళ్లు చికిలించి చూడండి. అప్పుడూ కనిపిస్తోందంటే ఫర్వాలేదు.

కంప్యూటర్లో బాగుంది, ఫోన్లో మాయమైంది

ఇది పిక్సెల్స్ లెక్క. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో వెడల్పు సుమారు 6000 పిక్సెల్స్. అందులో 20వ వంతు ఉన్న జంతువుకు 300 పిక్సెల్స్ దక్కుతాయి. ఫోన్ కోసం అదే ఫొటో వెడల్పును 1080 పిక్సెల్స్‌కు కుదిస్తే మిగిలేవి 54. ఫోన్లో చూపించాలనుకుంటే జంతువున్న వైపు నిలువుగా క్రాప్ చేయండి. గోడకు పెద్ద ప్రింటు వేయిస్తానంటే అలాగే ఉంచేయండి.

వెనక కొండలు గుట్టల్లా చిన్నబోయాయి

విశాలమైన దృశ్యం అనగానే వైడ్ లెన్స్ తగిలించడమే దీనికి కారణం. వైడ్ లెన్స్ దగ్గరి గడ్డిని పెద్దదిగా, దూరపు కొండను చిన్నదిగా చూపిస్తుంది. వెనక్కి వెళ్లి పెద్ద లెన్స్, అంటే ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీద మి.మీ.లలో రాసుండే అంకె) ఎక్కువున్నది వాడండి. దూరం రెట్టింపు చేసి, ఫోకల్ లెంగ్త్ కూడా రెట్టింపు చేస్తే జంతువు సైజు మారదు, బాగా దూరాన ఉన్న కొండ మాత్రం దాదాపు రెండింతలవుతుంది.

ఏ లెన్స్ అన్నదానికి చిన్న సూత్రం ఉంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో (సెన్సర్ వెడల్పు 36 మి.మీ. ఉండేది), జంతువు దూరాన్ని 36తో హెచ్చించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఫ్రేములో పట్టే వెడల్పు తెలుస్తుంది. 100 మీటర్ల దూరంలో 100 మి.మీ. లెన్స్‌తో 36 మీటర్ల వెడల్పు ఫ్రేములోకి వస్తుంది. రెండు మీటర్ల జంతువు అందులో 18వ వంతు. 400 మి.మీ. అయితే వెడల్పు 9 మీటర్లే, ఇక దృశ్యానికి చోటెక్కడ?

గడ్డి స్పష్టంగా ఉంది, జంతువు మసకగా ఉంది

జంతువును గుర్తుపట్టే ఆటోఫోకస్ మరీ చిన్న ఆకారాన్ని పట్టుకోలేక ముందున్న కొమ్మనో గడ్డినో పట్టుకుంటుంది. అన్నిటికన్నా చిన్న ఫోకస్ పాయింటును మీరే ఎంచుకుని జంతువు మీద పెట్టండి. అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, దాని సైజును ఎఫ్/8 లాంటి అంకెలతో చెబుతారు) గురించి టెన్షన్ అక్కర్లేదు. పైన చెప్పిన 100 మి.మీ. లెన్స్‌నే ఎఫ్/8 దగ్గర పెట్టి 100 మీటర్లకు ఫోకస్ చేస్తే, దాదాపు 30 మీటర్ల నుంచి దూరపు కొండల దాకా చూడటానికి స్పష్టంగానే వస్తుంది.

వరసగా తీసిన ఫొటోల్లో జంతువు అంచులు ఒక్కోదాంట్లో ఒక్కోలా వంకర తిరిగాయా? అయితే తప్పు ఫోకస్‌ది కాదు, వేడిగాలిది. దానికి ఖరీదైన లెన్సూ ట్రైపాడూ ఏమీ చేయలేవు. ఎండెక్కకముందే తీయాలి, లేదా మబ్బు పట్టేదాకా ఆగాలి. వాహనంలోంచి తీసేవాళ్లు ఇంజన్ ఆపి, వేడెక్కిన బానెట్ మీదుగా కాకుండా పక్క కిటికీలోంచి తీయండి. లోపల ఏసీగానీ హీటర్‌గానీ నడుస్తుంటే కిటికీ దగ్గరే చల్లగాలీ వేడిగాలీ కలిసి ఇదే గోల చేస్తాయి.

మంచు బూడిదరంగులో వచ్చింది

ఫ్రేమంతా మంచే అయితే కెమెరాలో వెలుగును కొలిచే మీటర్ మోసపోతుంది. ఎక్స్‌పోజర్‌ను (ఫొటోకు అందే వెలుగును) +1 నుంచి +2 స్టాపుల దాకా పెంచండి, ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపవుతుంది. జంతువు నల్లగా నీడలా వచ్చినా దిగులు లేదు, ఆకారం తెలిస్తే చాలు.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా ఫొటో చప్పగా ఉంది

జంతువు మీద బొటనవేలు పెట్టి మిగతా ఫొటో చూడండి. మిగిలిన దాంట్లో చూడబుద్ధేసేది ఏమీ లేకపోతే ఆ చోటే బాగాలేదన్నమాట, జంతువొచ్చి దాన్ని కాపాడదు. మంచి చోటు ముందే చూసుకుని, ఫ్రేము కట్టుకుని, జంతువు అందులోకి నడిచొచ్చేదాకా కూర్చోవడం మేలు. అది నడుస్తున్న వైపు ఖాళీ వదలడం మామూలు పద్ధతే. కానీ ఇసుకలో దాని అడుగుల వరస కనిపిస్తుంటే ఆ ఖాళీని వెనక వదలండి.

తల ఎత్తి మీవైపే చూస్తోందంటే మరీ దగ్గరికి వెళ్లారని అర్థం. మెల్లగా వెనక్కి వచ్చేయండి. అది మళ్లీ మేతలో పడ్డాక తీసుకోవచ్చు.