గుండె పొర వాపు: మళ్ళీ మళ్ళీ వచ్చింది, ఎట్లా తగ్గిందంటే

మాది తిరుపతి. రొమ్ములో పొడిచినట్టు నొప్పి వస్తే గ్యాస్ అనుకుని వారం సోడా తాగినా, పడుకుంటే ఎక్కువయ్యేది, ముందుకి వంగి దిండు పట్టుకుని కూర్చుంటే తగ్గేది, అదే పెరికార్డైటిస్ (గుండె చుట్టూ ఉండే పొర వాపు) గుర్తంట. మొదట చూసినాయన స్టెరాయిడ్ ఇచ్చినాడు, రెండ్రోజుల్లో హాయి, డోసు తగ్గించంగానే మళ్ళీ మొదలు. ఇట్లా రెండుసార్లు.

తర్వాత వేరే కార్డియాలజిస్టు ముందు టీబీ కాదని టెస్టులతో తేల్చుకుని, స్టెరాయిడ్ మెల్లగా దించుతా ఐబుప్రోఫెన్ (నొప్పి, వాపు తగ్గించే మాత్ర) 600 ఎంజీ మూడు పూటలా, దాంతో కాల్చిసిన్ 0.5 ఎంజీ రెండు పూటలా రాసినాడు (70 కిలోల లోపుంటే ఒక పూటే), ఈ కాల్చిసిన్ ఆరు నెలలు ఆపకూడదన్నాడు. మెడికల్ షాపు అబ్బాయి "అన్నా, ఇది గౌట్ మాత్ర కదా" అన్నాడు, నిజమే, గౌట్ అనే కీళ్ళ నొప్పికి ఇచ్చేదే, దీనిక్కూడా అదే. మొదటి వారం మాత్రం బాత్రూమ్‌కే అంకితం. నొప్పి పోతే చాలదు, రక్తంలో సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చూపే టెస్టు) నార్మల్ అయినాకే ఐబుప్రోఫెన్ తగ్గించేది.

మధ్యలో నా తిక్క ఒకటి, తగ్గింది కదా అని అలిపిరి మెట్లెక్కినా, 3550 మెట్లు, గాలిగోపురం కాడికే మళ్ళీ పట్టేసింది. డాక్టరు తిట్టి మూడు నెలలు మెట్లు, పరుగు బంద్ చేసినాడు. ఇప్పుడు ఎనిమిది నెలలైంది, వెల్లకిలా పడుకుంటా ఉన్నా.