కుక్కను, ఇంటిల్లిపాదినీ తీసుకుని అరకు జలపాతాలకు వెళ్లాలంటే

దసరా వెళ్లి కార్తీకం వచ్చే రోజుల్లో అరకు కొండలు చూడాలి. వానలకు నిండిన గెడ్డలు ఇంకా పారుతూనే ఉంటాయి, వలిసె పూలు మెట్టల మీద పచ్చగా విచ్చుకుంటాయి, పొద్దున్నే మంచు. మేం వైజాగ్ నుంచి మూడేళ్లుగా ఇదే సమయంలో వెళ్తున్నాం: నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య, ఇంకా జున్ను. జున్ను మా వీధిలో దొరికిన నాటు కుక్క, ఇప్పుడు దానికి నాలుగేళ్లు. దాన్ని ఎవరింట్లోనో వదిలేసి వెళ్లడం మాకు ఇష్టం ఉండదు. మీదీ అదే పరిస్థితి అయితే ఇది చదవండి.

ముందుగా, ఏ రోజు వెళ్లాలో ఎంచుకోవడం. కార్తీక మాసం ఆదివారాలు వనభోజనాల జనంతో ఘాట్ రోడ్డు నిండిపోతుంది, ఆ రోజుల్లో కుక్కతో వెళ్లొద్దు. మామూలు వారం మధ్యలో వెళ్లండి, పిల్లలకు ఒక రోజు బడి పోయినా పర్లేదు. ఇంకో మాట, అక్టోబరు, నవంబరు అంటే మన తీరానికి తుపాన్ల కాలం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12నే. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్తల్లో వినగానే ప్రయాణం వాయిదా వేసేయండి, కొండచరియలు పడే రోడ్డు మీద, ఉప్పొంగే గెడ్డల దగ్గర మనకేం పని?

బయల్దేరడానికి కనీసం నెల ముందే పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. రేబిస్ టీకా ఎలాగూ వేయించి ఉంటారు, దాంతో పాటు లెప్టోస్పైరోసిస్ టీకా గడువు కూడా చూపించుకోండి. ఎలుకల మూత్రం కలిసిన నిల్వ నీళ్ల నుంచి వచ్చే జబ్బు అది, మనుషులకూ అంటుకుంటుంది. మొదటిసారి అయితే కొన్ని వారాల తేడాతో రెండు డోసులు వేయాలి కాబట్టి చివరి నిమిషంలో పరుగెత్తితే లాభం లేదు. గోమార్లు (రక్తం పీల్చే పిడుదులు) పట్టకుండా మందు కూడా అప్పుడే అడగండి. బస సంగతి ఫోన్‌లో స్పష్టంగా మాట్లాడుకోండి, "కుక్క ఉంది, ఇంత సైజు ఉంటుంది, గదిలోనే పడుకుంటుంది" అని చెప్పి, సరే అన్నాకే డబ్బు కట్టండి. ఒకసారి మేం చెప్పకుండా వెళ్లి, రాత్రి ఎనిమిదింటికి చలిలో ఇంకో గది వెతుక్కున్నాం.

వైజాగ్ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాటాక మలుపులు మొదలవుతాయి, కుక్కలకు వాంతులు అయ్యేది అక్కడే. ముందు రాత్రి పెట్టిన తిండి చాలు, తెల్లవారుజామున ఏమీ పెట్టకండి, దారిలో కొంచెం కొంచెం నీళ్లు తాగించండి. గంటకోసారి ఆపాలి, కానీ కోతులు గుంపుగా కూర్చున్న చోట మాత్రం ఆపొద్దు. కారులో హార్నెస్‌కు (ఛాతీ చుట్టూ వేసే పట్టీకి) బెల్ట్ తగిలించి వెనక సీట్లో కూర్చోబెట్టండి. కిటికీలోంచి తల బయటికి పెడుతుంటే ముద్దుగానే ఉంటుంది, ఎదురుగా బస్సు వచ్చే మలుపులో ఆ ముద్దు వద్దు.

ఇక జలపాతాలు. రోజుకు ఒకటి, మహా అయితే రెండు. బొర్రా దగ్గరి కటికి, అనంతగిరి దగ్గరి తాడిగూడ, అరకు దాటాక చాపరాయి, పాడేరు వైపు కొత్తపల్లి అన్నీ ఒకే ట్రిప్పులో చుట్టేద్దామనుకుంటే పెద్దవాళ్లూ కుక్కా ఇద్దరూ కారులోనే అలిసిపోతారు. అత్తయ్యకు, జున్నుకు ఇద్దరికీ పనికొచ్చేది చాపరాయి. అక్కడ నీళ్లు ఎత్తు నుంచి దూకవు, వెడల్పాటి బండ మీద పరుచుకుని జారుతూ పోతాయి, కాబట్టి పెద్దవాళ్లు ఒడ్డున కూర్చుని చూడొచ్చు. కటికికి బొర్రా దగ్గర జీపులు దొరుకుతాయి, చివర్లో నడక మాత్రం తప్పదు. డ్రైవర్‌ను ముందే అడిగి, సీటు మీద పరచడానికి పాత దుప్పటి ఒకటి తీసుకెళ్తే ఎవరూ అభ్యంతరం చెప్పలేదు మాకు. కటికిలో దూకేది గోస్తనీ నీళ్లే, భీమిలి దగ్గర సముద్రంలో కలిసేది అదే నది. ఆ మాట చెప్పగానే మా చిన్నది నీళ్లను చాలాసేపు చూస్తూ కూర్చుంది. బొర్రా గుహల్లోకి మాత్రం కుక్కతో వెళ్లాలని చూడకండి. లోపల తడి మెట్లు, గబ్బిలాలు, జనం. వంతులవారీగా వెళ్లండి, ఒకరు బయట నీడలో దాని దగ్గర ఉండండి. మూసిన కారులో వదలడం అసలు వద్దు.

నీళ్ల దగ్గర ఒక్క నియమం గట్టిగా పెట్టుకోండి: లీష్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, మణికట్టుకు చుట్టుకోకూడదు. రెండేళ్ల క్రితం చాపరాయి దగ్గర మా వాడు, అప్పుడు వాడికి తొమ్మిదేళ్లు, లీష్‌ను చేతికి రెండు చుట్లు చుట్టుకుని నిలబడ్డాడు. అవతలి ఒడ్డున మేకపిల్ల ఒకటి కనిపించింది, జున్ను ఒక్క దూకు దూకింది. బండ మీద పాకుడు. వాడి కాళ్లు లేచిపోయాయి, మోచేతి మీద పడి నాలుగైదడుగులు జారాడు, లీష్ చేతికి బిగుసుకుపోయి వదలడానికి రాలేదు. మావారు అడ్డంగా కూర్చుని ఇద్దర్నీ ఆపారు. మోచెయ్యి దోక్కుపోయింది, అంతే, కానీ ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. అప్పటి నుంచి లీష్‌ను అరచేతిలో మడత పెట్టి పట్టుకుంటాం, ప్రాణం మీదికి వస్తే వదిలేసేలా. మెడకు పట్టీ కాదు, ఛాతీకి హార్నెస్ వేయండి, నీళ్లలోంచి పైకి లాగాల్సి వస్తే మెడ బిగుసుకోదు.

జలపాతం పడే గుండంలోకి కుక్కను దింపకండి, దాని కోసం మీరూ దిగకండి. పైనుంచి చూస్తే లోతు తెలియదు, అడుగున సుడి ఉంటుంది. జామకాయలు అమ్ముతున్న ఒకావిడ మాతో అన్న మాట: "అమ్మా, నీళ్లు ఎర్రబడినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొచ్చినా ఇంకేం చూడకు, పిల్లల్ని పట్టుకుని పైకొచ్చేయ్." పైన కొండల్లో వాన పడితే కింద ఎండ కాస్తున్నా నీళ్లు పెరుగుతాయి.

ఊళ్ల మీదుగా నడిచేటప్పుడు కోళ్లు, మేకలు, పశువులు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి, అవి అక్కడివాళ్ల బతుకుతెరువు. కుక్కను దగ్గరగా పట్టుకోండి. ఊరి కుక్కలు గుంపుగా వస్తే పరుగెత్తకుండా నెమ్మదిగా దాటిపోండి.

తిండి విషయంలో టెన్షన్ పడాల్సింది బొంగులో చికెన్ దగ్గర. వాసనకు కుక్క ఆగదు, పిల్లలు జాలిపడి ఓ ముక్క వేసేస్తారు. అందులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి కుక్క రక్తానికి హాని చేస్తాయి. ఉడికిన ఎముక విరిగి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. అరకులో కొనే కాఫీ పొడి, చాక్లెట్లు దానికి విషంతో సమానం, సంచీ పై అరలో పెట్టి జిప్ వేయండి. జున్నుకు మేం ఇంటి నుంచే పెరుగన్నం, ఉడకబెట్టిన గుడ్లు తీసుకెళ్తాం. తాగే నీళ్లు కూడా మనవే.

గదికి వచ్చాక ముందు తువ్వాలుతో దాని చెవులు, కాలివేళ్ల మధ్య బాగా తుడవండి, తడి చెవుల్లో ఇన్‌ఫెక్షన్ తొందరగా వస్తుంది. తర్వాత చంకలు, చెవుల వెనక, తోక కింద వేళ్లతో తడిమి చూడండి. గోమారి దొరికితే కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయొద్దు, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా తిన్నగా లాగేయాలి. పిల్లల కాళ్లు కూడా అలాగే చూడండి, జలగలు పట్టి ఉండొచ్చు. రాత్రి మనుషులందరికీ దోమల మందు తప్పనిసరి, ఏజెన్సీలో మలేరియా ఉంది.

ఇంటికొచ్చాక రెండు మూడు వారాలు దాన్ని గమనిస్తూ ఉండండి. తిండి మానేసినా, ఒళ్లు కాలినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, కొండల్లో నీళ్లలో తిరిగిందని మొదటే చెప్పండి.