పండక్కి ఇంట్లో బీర్లు రుచి చూస్తున్నారా? తెరిచిన సీసా ఖాళీ చేయాలని కూర్చోకండి

పోయిన సంక్రాంతికి మా బంధువుల కుర్రాడొకడు వాళ్ల బావ ఇంటి నుంచి బండి మీద వస్తూ డివైడర్‌ను గుద్దాడు. తొడ ఎముక విరిగింది. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తున్నాడు. ఆ రాత్రి అక్కడ మందు పార్టీ ఏమీ జరగలేదు. ఊరి నుంచి తిరిగొచ్చిన బావ సరదాపడి ఆరు రకాల బీర్లు తెచ్చి, ఏది బాగుందో పోల్చి చూద్దామన్నాడు. అందరూ చిన్న గ్లాసుల్లోనే పోసుకున్నారు. “రుచి చూశామంతేనండీ” అని ఆస్పత్రిలో డాక్టరుకు చెప్పారు. అబద్ధం చెప్పలేదు. రుచి చూడ్డం అయ్యాక సీసాల్లో మిగిలింది ఎవరి కడుపులోకి వెళ్లిందో మాత్రం ఎవరికీ గుర్తులేదు.

మళ్లీ డిసెంబరు 31 వస్తోంది, వెనకాలే భోగి, సంక్రాంతి. తాగి బండి నడపకూడదని, ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాళ్లకు పోయకూడదని మీకు నేను చెప్పక్కర్లేదు. నా భయమంతా ఆ మిగిలిన సీసాల గురించే.

మిగిలిన సీసా

లెక్క వేసి చూడండి. నలుగురు కూర్చున్నారు, ఆరు రకాలు తెచ్చారు, అన్నీ 650 ఎం.ఎల్. సీసాలే. రుచికి మనిషికి 60 ఎం.ఎల్. చాలు. అంటే ఆరు రకాలూ చూసినా ఒక్కొక్కరు తాగేది 360 ఎం.ఎల్. మాత్రమే. ఇంతవరకూ తాగింది తక్కువే. కానీ ఒక్కో సీసాలో 410 ఎం.ఎల్. మిగిలిపోతుంది. ఆరింటిలో కలిపి దాదాపు రెండున్నర లీటర్లు! మూత తీసిన బీరు తెల్లారేసరికి గ్యాస్ పోయి చప్పబడిపోతుంది. డబ్బు పోసి కొన్నాం, పారబోయడానికి మనసొప్పదు. “ఎవరో ఒకరు కానిచ్చేయండి” అంటారు. ఇద్దరు ముందుకొస్తారు. ఆ ఇద్దరి వాటా అప్పుడు మనిషికి లీటరున్నర దాటుతుంది.

సగటున ఆరు శాతం అనుకున్నా అది 75 గ్రాముల ఆల్కహాల్. లివర్ గంటకు ఏడెనిమిది గ్రాములకు మించి కరిగించలేదు. మొత్తం దిగడానికి దగ్గర దగ్గర పది గంటలు పడుతుంది. అర్ధరాత్రి పడుకుని పొద్దున్నే లేచి, తలంటుకుని, పిల్లల్ని కారెక్కించుకుని అత్తగారి ఊరికి బయల్దేరే మనిషి ఇంకా మత్తులోనే ఉంటాడు. తనకు మాత్రం బాగానే ఉన్నట్టుంటుంది. బండి నడిపేవాళ్లకు మన చట్టం ఒప్పుకునే హద్దు 100 ఎం.ఎల్. రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. ఎనిమిది శాతం ఉన్న స్ట్రాంగ్ బీరు ఒక్క పెద్ద సీసా తాగితే చాలు, ఆ హద్దు దాటిపోతుంది. ఆ సీసాలో 41 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 

అందుకే, మిగిలింది సింకులో పోయండి. అందరి ముందే పోయండి. డబ్బు పోతుంది, పోనివ్వండి. అసలు 330 ఎం.ఎల్. చిన్న సీసాలు దొరికితే అవే కొనండి, మిగిలే బాధే తగ్గుతుంది. పెద్ద సీసాలే దొరికితే రకాలు తగ్గించి మనుషుల్ని పెంచండి. ఇద్దరే ఉన్నప్పుడు ఆరు రకాలు తెరవడం రుచి చూడ్డం కాదు, తాగడమే.

వరుస, కొలత

తేలికగా ఉండే లైట్ లాగర్ బీరుతో మొదలుపెట్టండి. తరువాత అరటిపండు, లవంగం వాసన వచ్చే గోధుమ బీరు, ఆ తరువాత చేదెక్కువుండే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్), చివర నల్లటి స్టౌట్, స్ట్రాంగ్. నాలుక కోసం ఈ వరుస సరైనదే. ఇందులో ఒక చిక్కుంది. అన్నిటికన్నా ఘాటైనది, మీకు లెక్క తప్పే సమయానికి చేతికొస్తుంది. కాబట్టి స్ట్రాంగ్ ఉన్న గ్లాసులో 60కి బదులు 30 పోయండి.

పేరు కనబడకుండా సీసాలకు పేపరు చుట్టి పోల్చడం మంచి పద్ధతే. బ్రాండు మీద మోజు లేకుండా రుచి తెలుస్తుంది. అయితే పేరుతోపాటు శాతం కూడా దాగిపోతుందని మరిచిపోకండి. నాలుగున్నర శాతందీ ఎనిమిది శాతందీ చల్లగా ఉన్నప్పుడు నాలుకకు ఒకేలా దిగుతాయి. పేపరు చుట్టిన మనిషి తాగకూడదు. శాతాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఎవరికి ఎంత పోశాడో కూడా అతనే రాయాలి.

పోసే గ్లాసు మీద 60 దగ్గర మార్కరుతో గీత గీయండి. మధ్యమధ్యలో మంచినీళ్లు. స్టఫ్ కింద మిరపకాయ బజ్జీలు, చికెన్ పకోడీ వద్దు. కారానికి నాలుక మండితే బీరు రుచి తెలియదు, దాహం మాత్రం పెరుగుతుంది. ఉప్పులేని మరమరాలో, బ్రెడ్డు ముక్కలో పెట్టండి. కూర్చోకముందే అందరూ అన్నం తినాలి. ఖాళీ కడుపుతో ఎవరినీ కూర్చోబెట్టకండి.

సీసాలు

త్వరగా చల్లబడుతుందని ఫ్రీజర్లో పెట్టి మరిచిపోతే సీసా పగులుతుంది. బీరు గడ్డకట్టేటప్పుడు వ్యాకోచిస్తుంది, గాజుకు సాగే గుణం లేదు. బకెట్లో ఐసు, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి పావుగంట ముంచితే చాలు. ఎండలో ఆగి ఉన్న కారు డిక్కీలో ఉంచకండి. ఆకుపచ్చ సీసాలకు నేరుగా ఎండ తగిలితే బీరు కంపు కూడా కొడుతుంది. మూత పళ్లతో తీయకండి.

ఇక మిగతావి వరసగా చెప్తాను. ఇంట్లో ఎవరైనా గట్టిగా చదివి వినిపించండి.

– షుగరుకు ఇన్సులిన్‌గానీ గ్లిమిపిరైడ్‌గానీ వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా గ్లాసు పట్టొద్దు. రాత్రి నిద్రలో షుగర్ పడిపోతే, మత్తులో ఉన్నాడులే అని పక్కవాళ్లు వదిలేస్తారు.

– మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ మాత్రలు వాడుతున్నవాళ్లకు వద్దు. కోర్సు అయిపోయాక మూడు రోజుల దాకా కూడా వద్దు.

– నిద్రమాత్రలు, ఫిట్స్ మందులు వాడేవాళ్లకు వద్దు. బతిమాలొద్దు.

– కడుపుతో ఉన్న ఆడవాళ్లకు “ఒక్క గుక్కే కదా” అని ఇవ్వొద్దు.

– పోలికలో కల్లు కలపొద్దు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. అందులో కలిపేవి మత్తుమందులు. వాటిమీద బీరు పడితే ఊపిరి ఆగిపోవచ్చు.

– పక్క రాష్ట్రం నుంచి సీసాలు మోసుకురావొద్దు.

– తాగినవాళ్లు పతంగుల కోసం డాబా ఎక్కొద్దు. పిట్టగోడ లేని డాబా అయితే మెట్ల తలుపుకు తాళం వేసేయండి.

– భోగి మంట దగ్గరికి కూడా వద్దు.

– పడుకునే ముందు ప్రతి గ్లాసూ కడగండి. తెల్లారి పిల్లలు ముందు లేస్తారు. అడుగున మిగిలింది జ్యూసనుకుని తాగుతారు. చిన్నపిల్లలకు కొంచెం ఆల్కహాల్‌తోనే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది.

– బండి తాళాలు మొదటి సీసా తెరవకముందే తాగని మనిషికి ఇవ్వండి. తరువాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

– “రెండు కిలోమీటర్లే కదా” అన్న మనిషిని ఆపండి. మా కుర్రాడి ఇల్లు కూడా అంత దగ్గరే.

– కాఫీ, మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, చన్నీళ్ల స్నానం, ఏదీ మత్తు దింపదు. గంటలు గడవాలి.

– పొద్దున పదింటి లోపు స్టీరింగు ముట్టొద్దు. బస్సుకో ఆటోకో వెళ్లండి.

– మిగిలింది పారబోయండి. మళ్లీ చెప్తున్నాను, మిగిలింది తాగొద్దు, పారబోయండి. “నేను కానిచ్చేస్తాలే” అన్నవాడి చేతిలోంచి సీసా లాక్కుని పారబోయండి.

– ఎవరైనా పిలిచినా లేవకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిలా ఉంచితే వాంతి ఊపిరిగొట్టంలోకి పోవచ్చు. నోట్లో ఏమీ పోయొద్దు, బలవంతంగా కక్కించొద్దు, ఒంటరిగా వదలొద్దు. ఊపిరి నెమ్మదించినా, పెదాలు నీలమెక్కినా, ఒళ్లు చల్లబడినా ఇంట్లో ఎవరేమనుకుంటారోనని చూడకుండా 108కి ఫోన్ చేయండి. ఏమేం తాగాడో రాసిన కాగితం అంబులెన్సువాళ్ల చేతికివ్వండి.