చెరువంచున తెలియని ఉల్లంకి కనిపిస్తే

పెక్టోరల్ శాండ్‌పైపర్ అనే ఉల్లంకి గుడ్లు పెట్టేది సైబీరియా, అలాస్కా, కెనడా ఉత్తరపు టండ్రాలో. చలికాలం గడిపేది ఎక్కువగా దక్షిణ అమెరికాలో. మన దేశానికి ఎప్పుడో ఒకటి దారి తప్పి వస్తుంది, వచ్చినా మామూలు ఉల్లంకుల్లో కలిసిపోతుంది. నల్లగొండ ఉదయసముద్రమైనా, పాలమూరు కోయిల్‌సాగరైనా వెతికే పద్ధతి ఒకటే.

చెరువు నిండుగా ఉన్నప్పుడు పోయి లాభం లేదు. నీళ్లు తగ్గి శిఖం భూమి, అంటే చెరువు లోపలి నేల, బయటపడాలి. పొద్దున్నే తూర్పు ఒడ్డుకు చేరండి, ఎండ వీపు మీద పడుతుంది. పొద్దున 9 దాటితే సెగకు స్కోప్‌లో (పిట్టలను చూసే టెలిస్కోప్‌లో) పిట్ట అల్లాడుతుంది, రొమ్ము చారలు తేలవు. అందరూ ఉత్త బురదనే జల్లెడ పడతారు. ఈ పిట్టకు తుంగ, లేత గడ్డి మొలిచిన తడి నేల ఇష్టం. ముందు 8×42 బైనాక్యులర్‌తో ఆ గడ్డి అంచంతా చూసి, అనుమానం వచ్చినదాని మీద స్కోప్ పెట్టండి.

చూడాల్సింది రొమ్ము. మెడ నుంచి సన్నని గోధుమ చారలు దట్టంగా దిగి, కత్తిరించినట్టు ఒక్క గీత దగ్గర ఆగిపోతాయి. కింద పొట్టంతా తెలుపే. కాళ్లు పసుపు, ముక్కు కొస కాస్త కిందికి వంగి ఉంటుంది. పొడవు 19–23 సెంటీమీటర్లు.

ఎక్కువమంది బోల్తాపడేది రఫ్ అనే ఇంకో ఉల్లంకి ఆడపిట్ట దగ్గర. దానికి మెడ, కాళ్లు పొడవు, రొమ్ము మీద ఆ గీత ఉండదు. లాంగ్‌టోడ్ స్టింట్‌కూ పసుపు కాళ్లే, కానీ అది చాలా చిన్నది. షార్ప్‌టెయిల్డ్ శాండ్‌పైపర్ అయితే చారలు పొట్ట వైపు మెల్లగా పలచబడతాయి. ఇంకో తంటా రేగడి బురద: పొట్టకు అంటితే గీత కనబడదు, కాళ్లకు ఎండితే పసుపు మాయమవుతుంది. పిట్ట నీళ్లలో మునిగి ఈకలు సర్దుకునేదాకా ఓపిక పట్టండి.

పేరు తర్వాత, ఫొటో ముందు. పక్క నుంచి ఒకటి, ఎదురుగా రొమ్ముది ఒకటి, వేరే పిట్ట పక్కన ఉండగా ఒకటి, ఎగిరితే రెక్కలు విప్పినది ఒకటి. తోక మొదట్లో నడుమ నల్లటి పట్టె, రెండు పక్కలా తెలుపు కనిపించాలి. ఫొటోలకు రంగులు పెంచకండి, అసలు ఫైళ్లు దాచండి. పిట్టల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో పెట్టేటప్పుడు "అరుదైనది" అని రాస్తే చాలదు. రొమ్ము, కాళ్లు, పక్కనున్న పిట్టతో సైజు, ఎంత దూరం నుంచి చూశారో రాయండి.

మేత ఆపి తలెత్తిందంటే మీరు మరీ దగ్గరికి పోయినట్టే, వెనక్కి జరగండి. శిఖంలో ఎవరైనా వరి వేసి ఉంటే గట్టు దిగొద్దు.