లోపల పాట వినిపిస్తున్నా పెరట్లోనే కూర్చున్నవారికి

తొమ్మిదేళ్ల తర్వాత తమ్ముడు ఇంటికి వచ్చాడని అమ్మ కృతజ్ఞతా కూడిక పెట్టించింది. తన వాటా పొలం అమ్ముకుని, నాన్న సమాధి కార్యక్రమానికి కూడా రానివాడు. ఆ తొమ్మిదేళ్లూ అమ్మకు పూటపూటా ఇన్సులిన్ ఇచ్చింది నేను. ముందు గదిలో సంఘమంతా పాడుతుంటే నేను పెరట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఉండిపోయాను. వంటకు సరిపడా తరిగాక కూడా, లోపలికి వెళ్లాల్సి వస్తుందని ఇంకా తరిగాను.

ఇంకొకరికి దొరికిన క్షమాపణను చూసి సంతోషించలేక మీరూ అలా కూర్చుని ఉంటే, మీలో ఉన్నదాన్ని దాని పేరుతోనే పిలవండి. నేను చాలా రోజులు దాన్ని న్యాయం అనుకున్నాను. బైబిల్లో మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని, సాయంత్రం పనికి వచ్చినవాళ్లకూ అంతే కూలి ఇచ్చాడని సణిగినవాణ్ణి, పొద్దుటి నుంచి ఎండలో పనిచేసినవాణ్ణి అడుగుతాడు: "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?" గ్రీకు మూలంలో ఉన్నది చెడ్డ కన్ను అనే మాట, అంటే అసూయ. మన అనువాదకులు అక్కడ మన ఇళ్లలో మాటే పెట్టారు. ప్రార్థనలో దాన్ని పైకి అనండి: "ప్రభువా, నాకు కడుపుమంటగా ఉంది." అది నా నోట రావడానికి రెండు వారాలు పట్టింది.

లూకా 15ను 25వ వచనం నుంచి నెమ్మదిగా చదవండి. తన వాటా పాడుచేసుకుని తిరిగొచ్చిన చిన్నకొడుక్కి తండ్రి విందు చేస్తాడు, పెద్దకొడుకు కోపంతో లోపలికి రాడు. చిన్నకొడుకు ఇల్లు చేరగానే మనం పుస్తకం మూసేస్తాం. పెద్దవాడు తండ్రితో "ఈ నీ కుమారుడు" అంటాడు, తమ్ముడు అనడు. తండ్రి మాత్రం "ఈ నీ తమ్ముడు" అనే జవాబిస్తాడు. అది చదివిన రోజే నా మాట నా చెవిన పడింది. "నీ కొడుకు భోంచేశాడా?" అని అమ్మను అడుగుతున్నాను! ఆ పూట నుంచి 'తమ్ముడు' అనడం మొదలుపెట్టాను. మొదట నాలుకే అన్నది. మనసు వెనకాల మెల్లగా వచ్చింది.

లెక్క చూసుకోవడం తప్పు కాదు, చివరిదాకా చూసుకోండి. ద్వితీయోపదేశకాండము 21:17 ప్రకారం జ్యేష్ఠునికి రెండు పాళ్లు. ఇద్దరే కొడుకులైతే మూడింట రెండు వంతులన్న మాట. ఆ కథలో తండ్రి అప్పటికే ఆస్తి పంచేశాడు. తిరిగి వచ్చినవాడికి వస్త్రం, ఉంగరం, చెప్పులు, విందు దొరికాయి గానీ పొలం మళ్లీ పంచినట్టు ఎక్కడా లేదు. నేనూ కాగితం మీద రాసుకున్నాను. తమ్ముడు రావడం వల్ల నేను పోగొట్టుకున్నది ఏదీ కనబడలేదు. నాకు కావలసింది వేరే ఉంది: నా చాకిరీని అమ్మ ఒక్కసారైనా గుర్తించడం. నాకు ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదని తండ్రితో అన్న పెద్దకొడుకు, దాన్ని ఎన్నడైనా అడిగాడో లేదో తెలియదు. మీరు మాత్రం అడగండి. నేను అడిగాను. అమ్మ నా చేయి పట్టుకుని, "నువ్వు దగ్గరున్నావు కాబట్టే వాడి కోసం ఎదురుచూసే ఓపిక మిగిలిందమ్మా" అంది.

వాళ్లకు దొరికిన క్షమాపణలో సంతోషించమంటే బీరువా తాళాలు అప్పగించమని కాదు. కొట్టి హింసించినవారైతే దూరంగా ఉండే క్షమించవచ్చు. ఈ విషయంలో ఎవరి ఒత్తిడికీ లొంగకండి.

సంతోషం మాత్రం నాకు మరో దారిన వచ్చింది. ఒక రాత్రి విసిగిపోయి అమ్మ మీద అరిచి, కంచం విసురుగా ముందు పెట్టి వెళ్లిపోయాను. తెల్లారి అమ్మ దాని ఊసే ఎత్తలేదు, ఎవరికీ చెప్పలేదు. నేనూ మర్చిపోయాను. అది గుర్తొచ్చి, క్షమాపణ పొందినవాళ్లలో నేనూ ఉన్నానని తెలిశాక, తమ్ముడి పక్కన కూర్చోవడం బరువనిపించలేదు. మీ జీవితంలోనూ అలాంటి రాత్రిని వెతికి పట్టుకోండి, ఆ రోజు పేరుతో దేవునికి స్తోత్రం చెప్పండి.

ఆ తర్వాత చేతులతో ఏదైనా చేయండి. నేను తమ్ముడికి ఇన్సులిన్ ఇవ్వడం నేర్పాను. కడుపు దగ్గర చర్మాన్ని రెండు వేళ్లతో ఎలా పట్టుకోవాలో, నిన్న పొడిచిన చోటును వదిలి ఎక్కడ పొడవాలో చూపించాను. "అక్కా, అమ్మకు నొప్పి పుడుతుందేమో" అన్నాడు. వాడి చేయి వణుకుతోంది. దాని మీద నా చేయి వేసి పట్టుకున్నాను.